మీ కింద ఎంతమంది పనిచేస్తారు?

గోదావరికి ఈ ఒడ్డున సిరొంచ, ఆ ఒడ్డున కాళేశ్వరం. మధ్యలో వంతెన. పొద్దున పోయి దర్శనం చేసుకుని మధ్యాహ్నం బువ్వకు ఇంటికి రావచ్చు. కానీ తునికాకు కట్ట మాత్రం ఈ ఒడ్డున 70 ఆకులు, ఆ ఒడ్డున 50 ఆకులు. రెండు చోట్లా వెయ్యి కట్టలైతే ఒక స్టాండర్డు బస్తా అంటారు. ఈ సంగతి తెలియనివాడు ఇక్కడి బస్తాలు, అక్కడి బస్తాలు పక్కపక్కన రాసుకుని ఎవరు ఎక్కువ కోశారో చెప్పబోతే లెక్క తప్పుతుంది. మాట ఒకటే, లోపల సరుకు వేరు.

మనుషుల పనిని లెక్కపెట్టే దగ్గర కూడా ఇదే తిరకాసు ఉంది. మా వాడకట్టుకు సర్వేవాళ్లు వచ్చినప్పుడల్లా మాట కలపడానికి నన్ను పిలుస్తారు. వాళ్లకు మరాఠీ, హిందీ వచ్చు. మా పెద్దోళ్లకు తెలుగే. అట్లా పక్కన కూర్చుని విన్నవే ఈ ముచ్చట్లు. బల్లార్షా, కాగజ్‌నగర్, షోలాపూర్, భివండి, ఎక్కడ ఉన్న మనవాళ్లకైనా పనికొస్తాయని రాస్తున్నాను.

మన దేశంలో ఉపాధి లెక్క తీసే పెద్ద సర్వే పేరు పీఎల్ఎఫ్ఎస్. 2017లో మొదలైంది. ఇంట్లో ఒక్కొక్క మనిషికి ఒక నంబరు వేస్తారు. సొంతంగా పని చేసుకునేవాడికి 11. మనుషుల్ని పెట్టుకుని నడిపే యజమానికి 12. ఇంటి పనిలో జీతం లేకుండా చేయి కలిపేవాళ్లకు 21. నెల జీతగాడికి 31. రోజు కూలికి 51. ఇల్లు చూసుకునే ఆడమనిషికి 92. సర్వే బాబు నోటి నుంచి వచ్చేది మాత్రం సాదా ప్రశ్నే: "నౌకరా, ధందానా, మజూరా?"

బస్టాండు దగ్గర చాయ్, మిర్చి బజ్జీల బండి నడిపే ఒకాయన జవాబు వినండి. "సొంత ధందా సారూ." మీ దగ్గర ఎంతమంది పనిచేస్తారంటే, "ఎవ్వరు లేరు, నేనొక్కణ్ణే." వెనకాల ఆయన భార్య పిండి కలుపుతోంది. కొడుకు గ్లాసులు కడుగుతున్నాడు. ఆమెను అడిగితే, "నాకేం పని సారూ, ఇంట్లనే ఉంటా" అంది. చేతినిండా శనగపిండి! మొహమాటం కాదు, అబద్ధం అంతకంటే కాదు. మన దగ్గర పని అంటే పైసలు చేతికొచ్చేదే. సర్వే బాబు ఆ మాటనే రాసుకుంటే ఆమెకు 92 పడుతుంది, అంటే దేశం లెక్కలో ఆమె కార్మికురాలే కాదు. తిరగేసి మళ్లీ అడిగితే 21 పడుతుంది. రెండో ప్రశ్న అడిగే ఓపిక ఉందా లేదా అన్నదాని మీద ఒక మనిషి పని తేలుతోంది.

ఇక అదే బండిలో ఎంతమంది? మన సర్వేలో 'ఆ సంస్థలో పనిచేసేవాళ్లు' అంటే యజమాని, ఇంటివాళ్లు, కూలివాళ్లు అందరూ కలిసి. కాబట్టి ముగ్గురు. ఐరోపా దేశాల్లో 2002 నుంచి రెండేళ్లకోసారి జరిగే యూరోపియన్ సోషల్ సర్వేలో సొంత పనివాణ్ణి అడిగే ప్రశ్న వేరు: నీ దగ్గర ఉద్యోగులు ఎంతమంది? అక్కడ ఈ బండికి జవాబు సున్నా. సొంత వ్యాపారంలో చేయి కలిపే ఇంటివాళ్లకు అక్కడ వేరే గడి ఉంది. ఆ ఉద్యోగుల సంఖ్యను పట్టుకునే అక్కడి పండితులు మనిషి ఏ వర్గంవాడో తేలుస్తారు. పదికి తక్కువైతే చిన్న యజమాని, పది, ఆ పైన అయితే పెద్ద యజమాని. ముగ్గురున్న బండి, ఎవరూ లేని బండి, రెండూ ఒకటే బండి. ఇలాంటి అంకెలనే దేశాల మధ్య పోలికకు పక్కపక్కన పెడతారు. 70 ఆకుల కట్ట, 50 ఆకుల కట్ట.

యజమాని అనే మాట దగ్గర ఇంకో చిక్కు. పత్తి ఏరే రోజుల్లో ఎనిమిది మందిని కూలికి పిలిచే రైతు యజమానా? మన సర్వే లెక్కలో కాదు. ఏడాదిలో ఎక్కువ భాగం కూలివాళ్లతోనే నడిపితేనే 12. అప్పుడప్పుడు పిలిస్తే 11లోనే ఉంటాడు. ఇది నాకు న్యాయంగానే తోస్తుంది. కానీ మిరపకాయలు ఏరడానికి మా దిక్కు నుంచి ఖమ్మం, వరంగల్ వైపు ముఠాను తీసుకపోయే మేస్త్రీ సంగతి? ఇరవై మందిని కూడగడతాడు, బండి మాట్లాడతాడు, రైతుతో రేటు తెంపుతాడు, మనిషికింత అని తీసుకుంటాడు. తనూ వంగి ఏరతాడు. "నీ కింద ఎంతమంది?" అంటే ఛాతీ పొంగించి ఇరవై అంటాడు. కూలి ఇచ్చేది రైతు. ఏ గడిలో వేయాలో నేను చెప్పలేను. సర్వే బాబు కూడా పెన్ను నోట్లో పెట్టుకున్నాడు.

ఇవన్నీ ఒక ఎత్తు, బీడీల సంగతి ఒక ఎత్తు. మన అడవిలో మే నెల ఎండలో కోసిన ఆకే షోలాపూర్, నిజామాబాద్, కరీంనగర్ ఇళ్లలో మన ఆడవాళ్ల చాటలోకి చేరుతుంది. ఆకు, తంబాకు ఇచ్చేది కంపెనీ కమీషన్‌దారు. వెయ్యి బీడీలకు ఇంత అని రేటు కట్టేది వాళ్లే. సరిగ్గా లేదని పక్కకు తీసేసేదీ వాళ్లే. చుట్టేది మాత్రం ఆమె ఇంట్లో, ఆమె తీరిక వేళలో. 1966 బీడీ, సిగార్ కార్మికుల చట్టం ఇంట్లో చుట్టే మనిషి కూడా కార్మికురాలేనంది. కంపెనీలు కోర్టుకు పోతే 1974లో సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని నిలబెట్టింది.  సర్వే పుస్తకం మాత్రం వేరేగా చెబుతుంది: కాంట్రాక్టరు ఆర్డరు మీద తన ఇంట్లో పని చేసే మనిషి 'స్వయం ఉపాధి'. ఎప్పుడు చేయాలో, ఎక్కడ చేయాలో ఆమె ఇష్టమట. ఒకే మనిషి కోర్టుకు కార్మికురాలు, సర్వేకు సొంత వ్యాపారి.

మగ్గాల ఊళ్లవాళ్లకు ఇది కొత్త కాదు. సిరిసిల్లలో యజమాని, ఆసామి, కార్మికుడు అని మూడు మెట్లు. నాలుగో ఎనిమిదో మరమగ్గాలున్న ఆసామి యజమాని దగ్గర నూలు తెచ్చి, బట్ట నేయించి, మీటరుకింత అని తీసుకుంటాడు. మగ్గాలు తనవి, కరెంటు బిల్లు తనది, అప్పు తనది. బట్ట తనది కాదు. ధర తన చేతిలో లేదు. కింద ఇద్దరు కార్మికులుంటే సర్వేలో ఆసామికి 12 పడవచ్చు, పెద్ద మిల్లు సేటుకు పడే నంబరే. 2018లో జెనీవాలో అంతర్జాతీయ కార్మిక సంస్థ గణాంకవేత్తల మహాసభ ఇలాంటి మధ్యరకం మనుషుల కోసం కొత్త గడి తెరిచింది. సొంత పని చేసుకుంటున్నట్టు కనబడుతూ పని కోసం, రేటు కోసం మరొకరి మీద ఆధారపడేవాళ్లకని. ఆ గడి మన సర్వేలోకి వస్తే బీడీ చుట్టే అక్కకు, మగ్గం తిప్పే అన్నకు సరైన చోటు దొరుకుతుందని నా నమ్మకం.

దొరక్కపోతే ఏమిటి నష్టం అంటారా? అంకెలు చూడండి. 2017-18లో పనిచేసేవాళ్లలో నూటికి 52.2 మంది స్వయం ఉపాధివాళ్లు. 2023-24 నాటికి 58.4. నెల జీతగాళ్లు 22.8 నుంచి 21.7కు తగ్గారు. ఈ అంకె పట్టుకుని దేశంలో సొంత కాళ్ల మీద నిలబడేవాళ్లు పెరిగారని ఒకరు మురిసిపోవచ్చు. అదే పట్టికలో జీతం లేకుండా ఇంటి పనిలో చేయి కలిపేవాళ్లు 13.6 నుంచి 19.4కు ఎక్కారు. మిల్లు మూతపడి కూరగాయల బండి పట్టినవాడూ స్వయం ఉపాధే. కాగజ్‌నగర్‌లో సిర్పూర్ పేపర్ మిల్లు 2014లో ఆగి 2018లో జేకే పేపర్ చేతికి పోయేదాకా ఆ పట్నంలో ఎన్ని బండ్లు వెలిసి ఉంటాయో అక్కడివాళ్లకే తెలుసు. బండి తోసినవాణ్ణి 11లో వేస్తే తప్పేం లేదు. అది తను కోరుకున్న పనేనా అని ఆ 11 చెప్పదు, అంతే.

జీతగాళ్లను కూడా మీ సంస్థలో ఎంతమంది అని అడుగుతారు. 6 కంటే తక్కువ, 6 నుంచి 9, 10 నుంచి 19, 20 ఆ పైన, తెలియదు. ఈ గీతల్లో 10, 20 ఊరికే పెట్టినవి కాదు. పది మంది, ఆ పైన ఉంటే ఈఎస్ఐ, ఇరవై, ఆ పైన ఉంటే పీఎఫ్ వర్తిస్తాయి. అందుకే ఒకే కప్పు కింద మూడు పేర్లతో మూడు షెడ్లు నడుస్తుంటాయి. మస్టరులో తొమ్మిది మంది, కాంటా దగ్గర ఇరవై రెండు మంది. మనవాళ్లు చాలామంది "మాకేం తెలుసు సారూ" అనేస్తారు. అన్నం డబ్బా విప్పేటప్పుడు ఎంతమంది కూర్చుంటారో లెక్కపెట్టి చెప్పండి. అది చాలు.

మళ్లీ తునికాకు. మా దగ్గర సీజను రెండు మూడు వారాలు. నసుకులనే అడవికి పోయి, ఎండ ముదరకముందే వచ్చి, చీకటి పడేదాకా కట్టలు కట్టాలి. ఏడాది సర్వేలో అదనపు పనిగా రాయాలంటే 30 రోజులు ఉండాలి. ఏడాదంతా ఆకు తప్ప వేరే సంపాదన పని లేని ఆడమనిషి ఆ గీత కిందే ఉండిపోతుంది. కట్టెలు తెచ్చి అమ్మితే పని, తన పొయ్యిలో పెడితే పని కాదు. ఇప్పపువ్వుకూ అంతే. అందుకే మా వాడలో ఆడవాళ్లకు ఒకటి చెబుతున్నాం: "ఏం పని" అని అడిగితే "ఏం లేదు" అనకండి, పొద్దున లేచిన కాడి నుంచి ఏం చేశారో, ఏ నెలలో ఏం చేశారో వరసగా చెప్పండి. నంబరు వేసుకునే తిప్పలు వాళ్లవి.

2025 జనవరి నుంచి ఈ సర్వే పద్ధతి మారింది. ఎంచుకున్న ఇంటికి వరసగా నాలుగు నెలలు నాలుగు సార్లు వస్తారు, మన పల్లెలకు కూడా. మొదటిసారి ఇంటి పెద్దమనిషే అందరి తరఫునా చెప్పేస్తాడు, అది మామూలే. రెండోసారి వచ్చినప్పుడు ఆమెను ముందు కుర్చీలో కూర్చోబెట్టండి.