పెద్దసిరలోని గొట్టము – దానిపైఁ గట్టు



నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతములనుండి ప్రమాదస్థితిలో నున్న రోగిని బెజవాడ పెద్దాసుపత్రికిఁ గొనిపోయినపుడు, వైద్యులు మెడయందో, మెడక్రింది యెముక దిగువనో, తొడమూలమందో సన్నని గొట్టము నొకదానిని పెద్దసిరలోనికిఁ బంపి యుంచుట కలదు. దానికిఁ గాథెటరని పేరు. తీవ్రమైన మందు లిచ్చుటకును, మూత్రపిండములు చెడినవారికి డయాలిసిస్ చేయుటకును అది సాధనము. 2022 నుండి ఎన్.టి.ఆర్. జిల్లాలోఁ జేరిన మన మెట్టసీమయందే, ఎ. కొండూరు తండాలలో మూత్రపిండవ్యాధి పెక్కుమందిని బీడించుచున్నది. కావున నీ విషయము మనకు దూరమైనది కాదు.

చర్మము దేహమునకుఁ గోటగోడ. గొట్టము దిగినచోట నా గోడకు గండి పడును. చర్మముపై నుండు సూక్ష్మక్రిములు గొట్టము వెంబడి రక్తమునఁ బ్రవేశించినచో ప్రాణాపాయము. ఆ గండికిఁ గావలియే కట్టు.

కట్లు ముఖ్యముగా మూఁడు విధములు. మొదటిది గాజుగుడ్డ. అది చెమటను, నెత్తుటిని బీల్చుకొనును. కాని లోపలి స్థితి కనఁబడదు. రెండు దినముల కొకసారి మార్చవలయును. రెండవది పారదర్శకమైన పలుచని పొర. విప్పకయే లోని యెఱుపును, చీమును జూడవచ్చును. ఏడు దినములవఱకు నుంచవచ్చును. అయినను చెమట మిక్కిలిగాఁ బోయువారికి, నెత్తురు స్రవించువారికి గాజుగుడ్డయే తగును. మన యెండలలో నిది గుర్తింపఁదగినది. మూఁడవది క్లోర్‌హెక్సిడిన్ అను క్రిమిసంహారిణిని జేర్చిన కట్టు.

వీనిలో నేది మేలు? 2015 లోఁ గాక్రేన్ సంస్థవారు 22 పరిశోధనలను, ఏడువేలకు మించిన రోగుల ఫలితములను బరిశీలించిరి. గాజుగుడ్డకును సాధారణపు పొరకును గల తారతమ్యము నిశ్చయముగాఁ దేలలేదు. క్లోర్‌హెక్సిడిన్ కట్టు మాత్రము సాధారణపు పొరకంటె రక్తమునఁ గ్రిములు చేరుటను సుమారు సగమునకుఁ దగ్గించినది. అయితే దానికి వెల హెచ్చు. కొందఱి చర్మమునకది సరిపడదు. నెలలు నిండక పుట్టిన శిశువులకు దానిని సాధారణముగా వాడరు.

కట్టు ఏదైనను తడిసినను, ఊడినను, మాసినను గడువుకొఱకుఁ జూడక, చేతులు శుభ్రముగాఁ గడుగుకొన్న నర్సుచేత వెంటనే మార్పింపవలయును. గొట్టముతో నింటికి వచ్చిన రోగి విషయమునఁ బెద్దలు మఱింత జాగరూకులు కావలెను. లోన నెట్లున్నదో చూతమని కట్టు విప్పరాదు. పసుపు, విభూతి, ఆకుపసరు పెట్టరాదు. స్నానమునఁ దడవనీయరాదు. చలితోఁ గూడిన జ్వరము వచ్చినచో, తెల్లవాఱనిమ్మని యుపేక్షింపక ఆసుపత్రికిఁ గొనిపోవలయును. ఆ జ్వరమునకు మూలము గొట్టమే కావచ్చును.

వెలగల కట్టు దొరకనిచోటఁ గూడ శుభ్రమైన చేయి, పొడిగా నున్న కట్టు, ఇంటివారి మెలకువ రోగికి రక్ష.