ధ్వనిముద్రణ యంత్రానికి బ్యాటరీ పెట్టె

అనంతపురానికి దక్షిణంగా బెంగుళూరు పోయే రహదారిమీద ఉన్న రాప్తాడు, దాని చుట్టుపట్ల పల్లెలు ఎర్రనేలల మెట్టప్రాంతం. ఈ సీమలో సాలుకు సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే వాన పడుతుంది. వేరుశనగ పైరు వానను నమ్ముకొని ఉన్నట్లే, ఇక్కడి పాటలు కొన్ని వాన కోసమే పుట్టినవి. రోకలికి కప్పను కట్టి ఇల్లిల్లూ తిరుగుతూ పాడే పాటలు ఉన్నవి. కలుపుతీతలో పాడేవి, చెక్కభజనలో పాడేవి, ఉరుముల వాద్యంతో చెప్పే కథలు ఉన్నవి. వీటిలో పెక్కింటికి వ్రాతప్రతి లేదు. తెలిసినవారి నోటిలో ఉన్నంతకాలమే అవి ఉంటవి.

వాటిని పట్టి ఉంచడంలో ధ్వనిముద్రణ ఎంత పని చేయగలదో పల్నాటి వీరుల కథ విషయంలో చూడవచ్చును. జీన్ రోగైర్ అనే పరిశోధకుడు 1974లో ఒక గాయకుడు పాడిన ఆ కథను టేపుమీదికి ఎక్కించుకొన్నాడు. దాని ఆధారంతో ఆయన వ్రాసిన ఇంగ్లీషు గ్రంథం 1982లో వెలువడింది. నేడు అటువంటి యంత్రం అరచేతిలో ఇముడుతున్నది. జానపద సాహిత్యం చదివే విద్యార్థులు దానిని సంచిలో వేసుకొని పల్లెలకు బయలుదేరుతున్నారు. కాని వారు మైకు గురించి అడిగినంతగా బ్యాటరీ గురించి అడగరు. డెబ్బయి ఏండ్లు దాటిన అవ్వ ఒక కథాగేయాన్ని మొదటినుంచి చివరిదాకా ఒకమారు పాడడమే గొప్ప. ఇరవయ్యో నిమిషంలో యంత్రం ఆగిపోతే, "అవ్వా, ఇంకోసారి పాడమ్మా" అని అడగవచ్చును; ఆ వరుస, ఆ ఊపు మళ్లీ వస్తాయని ఎవరు చెప్పగలరు? పూర్వం టేపుయంత్రం ఆగితే అంతవరకు ఎక్కిన పాటైనా మిగిలేది. ఇప్పటి అంకాత్మక యంత్రాలలో కొన్ని, ముద్రణ ముగించేటప్పుడు ఫైలు తలభాగాన్ని సరిచేసి వ్రాస్తాయి. నడుమ విద్యుత్తు పోతే ఆ వ్రాత జరగదు. వెనుకటి ఇరవై నిమిషాలు కూడా తెరచుకోకుండా పోవచ్చును.

ఇంటిలో కరెంటు ఉంటే అడాప్టరు తగిలించవచ్చును గదా అంటారేమో. కరెంటు ఉన్నప్పుడు కూడా నేను బ్యాటరీనే మేలంటాను. మన కరెంటు సెకనుకు 100 మార్లు దిశ మారే ఏకాంతర ప్రవాహం. చవక అడాప్టరు గుండా దానిలో కొంత అంశం మైకు తీగలోకి చేరి, పాట వెనుక ‘గుం’ మని మోగుతూ ఉంటుంది. బ్యాటరీకి గోడతో సంబంధమే లేదు కనుక ఈ దారి మూసుకుపోతుంది. స్టీఫన్ కుడెల్స్కీ స్విట్జర్లాండులో 1951లో తయారుచేసిన ‘నాగ్రా’ యంత్రం పేరు పొందడానికి ఒక కారణం అది గోడను వదలి నడవగలగడమే. పోలిష్ భాషలో ఆ మాటకు ‘రికార్డు చేస్తుంది’ అని అర్థం. 1950ల చివర వచ్చిన మూడవ నాగ్రా టార్చిలైటులో వేసే పెద్ద సెల్లులు పన్నెండింటితో నడిచేది.

ఇక అసలు విషయం. ‘బ్యాటరీ అయిపోయింది’ అని మనం అనేటప్పుడు చాలాసార్లు బ్యాటరీ అయిపోయి ఉండదు. దానిలో శక్తి ఉన్నది, అది యంత్రం దాకా చేరడం లేదు. ఎక్కడ ఆగిపోతున్నదో లెక్క వేసి చూద్దాం.

ప్రతి సెల్లుకూ దాని విద్యుచ్ఛాలక బలంతోపాటు కొంత అంతర్నిరోధం ఉంటుంది. బావిలో నీరు ఎంత ఉన్నా, ఊట కన్ను ఇరుకైతే వేగంగా తోడలేం గదా, అంతర్నిరోధం అటువంటిదే. అంగడిలో పెన్సిలు సెల్లు అని అడిగే ఎ.ఎ. సైజు ఆల్కలైన్ సెల్లు క్రొత్తగా ఉన్నప్పుడు 1.5 వోల్టుల పైన చూపుతుంది. సగం వాడిన తరువాత 1.3 వోల్టులు, అంతర్నిరోధం 0.2 ఓములు అనుకుందాం. ఇటువంటివి నాలుగు శ్రేణిలో కలిపితే 5.2 వోల్టులు, 0.8 ఓములు. సెల్లులు కూర్చునే గూటిలో ఎనిమిది స్పర్శస్థానాలు ఉన్నవి, ఒక్కొక్కటి 0.05 ఓములైనా మరొక 0.4 చేరుతుంది. మొత్తం 1.2 ఓములు.

మన యంత్రానికి 2 వాట్లు కావాలి. ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. యంత్రంలోపలి పరివర్తకం తనకు కావలసిన వాట్లను ఎట్లాగైనా రాబట్టుకొంటుంది. వోల్టులు తగ్గిన కొద్దీ ప్రవాహాన్ని పెంచుతుంది. లెక్క వేస్తే ప్రవాహం 0.43 ఆంపియర్లు, యంత్రానికి అందేది 4.69 వోల్టులు. పని జరుగుతుంది. ఇప్పుడు గూటిలోని స్ప్రింగులమీద ఎర్రదుమ్ము పడినదనుకోండి. వేరుశనగకాయలు ఒలిచిన చేతితో సెల్లులు మార్చినందువల్ల నూనె అంటినదనుకోండి. మొత్తం నిరోధం రెట్టించి 2.4 ఓములు అయితే ప్రవాహం 0.5 ఆంపియర్లకు పెరుగుతుంది, అందేది సరిగా 4 వోల్టులు. 4.2 వోల్టుల దిగువన ఆగిపోయే యంత్రమైతే ఇక్కడే ఆగిపోతుంది. నిరోధం 3.4 ఓములకు చేరితే ఎంత ప్రవాహం లాగినా ఆ సెల్లులు 2 వాట్లు ఇవ్వలేవు. వోల్టేజి ఒక్కసారిగా కూలిపోతుంది. సెల్లులు తీసి ఊరికే మీటరుతో కొలిస్తే మాత్రం అవే 5.2 వోల్టులు! అందుకే ఖాళీగా కొలిచిన వోల్టేజిని నమ్మరాదు. భారం పెట్టి కొలవాలి.

క్రొత్త సెల్లు ఆల్కలైన్‌కు బదులు నికెల్ మెటల్ హైడ్రైడ్ జాతిదైతే సంగతి మారుతుంది. దీని వోల్టేజి 1.2 ప్రాంతమే. అది చూచి చాలామంది దీనిని బలహీనమైనదిగా భావిస్తారు. కాని దీని అంతర్నిరోధం 0.04 ఓముల ప్రాంతంలో ఉంటుంది. 1.25 వోల్టుల సెల్లులు నాలుగు అదే శుభ్రమైన గూటిలో పెడితే 5 వోల్టులు, 0.56 ఓములు. 2 వాట్ల భారం కింద 4.76 వోల్టులు నిలుస్తాయి. అంటే ఖాళీగా తక్కువ చూపినది పనిలో ఎక్కువ చూపింది. పైగా దాదాపు చివరివరకు ఈ వోల్టేజి అట్లాగే నిలబడుతుంది. యంత్రం పట్టికలో సెల్లు జాతిని ఎన్నుకొనే వీలు ఉంటే తప్పక ఎన్నుకోవాలి. లేకుంటే మిగులు చూపే గుర్తు అబద్ధం చెబుతుంది. పాత సెల్లును క్రొత్తవాటితో కలపరాదు. అన్నిటికన్న ముందు అది ఖాళీ అవుతుంది, తక్కినవి దాని గుండా ప్రవాహాన్ని తోసి దానిని తలక్రిందులుగా ఆవేశపరుస్తాయి. అది కారడం కూడా కద్దు.

సెల్‌ఫోనుకు వాడే పవర్ బ్యాంకును తెస్తాం అంటారు విద్యార్థులు. తేవచ్చును, కాని దానిమీద అచ్చు వేసిన అంకెను చదవడం తెలియాలి. 10,000 మిల్లీ ఆంపియర్ గంటలు అన్నది లోపలి లిథియం సెల్లు 3.7 వోల్టుల వద్ద చెప్పిన మాట. అంటే 37 వాట్ గంటలు. దానిని 5 వోల్టులకు పెంచి ఇచ్చేటప్పుడు నష్టం పోను మనకు దక్కేది 6,300 ప్రాంతం. ఇంకొక గుణం మరీ ఇబ్బందికరమైనది. ఫోను నిండిపోయినదని తెలుసుకొనడానికి పవర్ బ్యాంకు ప్రవాహాన్ని గమనిస్తూ ఉంటుంది. 50, 100 మిల్లీ ఆంపియర్లకు దిగువన అయితే తనంతట తాను మూసుకొంటుంది. చిన్న ధ్వనియంత్రం అంత తక్కువలోనే నడుస్తుంది కనుక పాట నడుమ చీకటి! 5 వోల్టుల తీగల మధ్య 47 ఓముల నిరోధకం ఒకటి కలిపితే సుమారు 106 మిల్లీ ఆంపియర్లు వృథాగా పారి దానిని మెలకువగా ఉంచుతాయి. అది అర వాటు వేడిని ఇస్తుంది కనుక 1 వాటు నిరోధకం వాడాలి. దొంగకు కాపలా పెట్టినట్లున్నా పని చేస్తుంది.

పవర్ బ్యాంకు తీగ కూడా గమనించదగినదే. సన్నని యు.ఎస్.బి. తీగలలో రాగి మీటరుకు 0.2 ఓములు దాటుతుంది. పోను రాను రెండు మీటర్లు, అంటే 0.4 ఓముల పైమాట. అర ఆంపియరుకే 0.2 వోల్టులు తీగలో హరిస్తాయి. 0.5 చదరపు మిల్లీమీటర్ల తీగలో ఇది ఆరవ వంతు.

స్వయంగా పెట్టె కట్టదలచినవారికి నేను నికెల్ సెల్లులనే చెబుతాను. 2,000 మిల్లీ ఆంపియర్ గంటల సెల్లులు ఎనిమిది శ్రేణిలో కలిపితే 9.6 వోల్టులు, 19 వాట్ గంటలు. దానిని 5 వోల్టులకు దించే చిన్న పరివర్తకాన్ని జోడిస్తే, నష్టం పోను 2 వాట్ల యంత్రం ఎనిమిది గంటలు నడుస్తుంది. స్ప్రింగు గూడు కాక, రేకులు ముందే అతికించి వచ్చిన సెల్లులు కొని ఆ రేకులకు తీగలు సాల్డరు చేయడం మంచిది. స్పర్శస్థానాల గొడవ పోతుంది. లిథియం సెల్లుకు నేరుగా సాల్డరింగు కడ్డీ తగిలించరాదు. 18 మిల్లీమీటర్ల లావు, 65 మిల్లీమీటర్ల పొడవు గల లిథియం సెల్లు అంతర్నిరోధం 0.05 ఓములనుకొంటే, రెండు కొసలూ కలిసిన క్షణాన 80 ఆంపియర్ల పైన పారగలదు. ఏ జాతి సెల్లులైనా ధనధ్రువానికి అంగుళం దూరంలోనే 2 ఆంపియర్ల ఫ్యూజు ఉండాలి. ఫ్యూజును పెట్టె చివర పెడితే నడుమ తీగ ఒరుసుకొన్నప్పుడు అది కాపాడదు.

కనెక్టర్లలో చవకది గుండ్రని గొట్టపు ప్లగ్గు. బయటి వ్యాసం 5.5 మిల్లీమీటర్లు, లోపలి రంధ్రం 2.1 కాని 2.5 కాని. 2.5 ప్లగ్గు 2.1 సూదిమీద కూర్చున్నట్లే కనబడుతుంది. యంత్రాన్ని భుజానికి తగిలించి నాలుగడుగులు వేయగానే తెగుతుంది. సూది ధనమో ఋణమో కూడా ఒక్కో కంపెనీది ఒక్కో తీరు. చలనచిత్రాలకు ధ్వని పట్టేవారు ఇందుకే తిప్పినా లాగినా ఊడని నాలుగు సూదుల కనెక్టర్లు వాడతారు. పెద్ద ఎక్స్.ఎల్.ఆర్., చిన్న హిరోసె రెండింటిలోను 12 వోల్టులకు 1వ సూది ఋణం, 4వ సూది ధనం. బ్యాటరీ వైపు రంధ్రాల భాగం, యంత్రం వైపు సూదుల భాగం ఉండాలి. లేకపోతే సంచిలోని తాళంచెవి తగిలి రెండు సూదులూ కలుస్తాయి. మూడు సూదుల ఎక్స్.ఎల్.ఆర్. మైకుకు చెందినది. బ్యాటరీకి దానిని వాడితే ఎవరో ఒకరు ఎప్పుడో ఒకప్పుడు మైకును దానికి తగిలిస్తారు.

మైకు మాట వచ్చింది కనుక: కొన్ని మైకులకు యంత్రమే ఆ తీగల గుండా 48 వోల్టులు పంపుతుంది. 1966లో నార్వే రేడియో కోసం నాయ్‌మాన్ సంస్థ చేసిన మైకులతో ఈ అంకె స్థిరపడింది. అక్కడి స్టూడియోలలో అత్యవసర దీపాలకు 48 వోల్టులు అప్పటికే సిద్ధంగా ఉండేవట! బ్యాటరీ లెక్క వేసేటప్పుడు ఆ మీట వేసి ఉన్నదో లేదో చూచుకోవాలి. అక్కరలేని మైకుకు ఆ మీట వేసి ఉంచితే ఖర్చు దండగ.

ఒకే బ్యాటరీతో యంత్రాన్ని, తీగలేని మైకు గ్రాహకాన్ని కలిపి నడిపితే కొత్త రొద పుడుతుంది. రెండింటి ఋణతీగలు బ్యాటరీ వద్ద ఒకమారు, ధ్వనితీగ కవచం గుండా మరొకమారు కలిసి వలయం ఏర్పడుతుంది. పరివర్తకపు సన్నని కూత ఆ వలయంలో పారి పాటలోకి దిగుతుంది. గ్రాహకానికి వేరే సెల్లులు పెట్టడమే తేలిక మందు.

పెట్టె పూర్తి అయిన తరువాత పరీక్ష ఇట్లా చేయాలి. 5 వోల్టుల చివర 10 ఓముల, 5 వాట్ల నిరోధకం కలపండి. అర ఆంపియరు పారుతుంది. మీటరుతో మొదట పరివర్తకం వద్ద, తరువాత తీగ చివర, ప్లగ్గు దాటిన తరువాత కొలవండి. ఈ రెంటికీ తేడా 0.1 వోల్టు మించితే ఏదో ఒక అతుకు చెడ్డది. తీగను కదుపుతూ మీటరును చూడండి. అంకె ఊగితే ఆ అతుకును కోసి మళ్లీ వేయాలి. పల్లెకు బయలుదేరే ముందురోజు ఇదే పరీక్షను గంటసేపు నడపాలి. స్పర్శస్థానాలను ఐసోప్రొపైల్ ఆల్కహాలులో తడిపిన గుడ్డతో తుడిచి, ఆరిన తరువాత సెల్లులు వేయాలి.

మే నెలలో ఈ సీమలో నీడలోనే 40 డిగ్రీలు దాటుతుంది. ఎండలో నిలిపిన కారు లోపల 60 దాటడం మామూలే. లిథియం సెల్లును 45 డిగ్రీల పైన ఛార్జి చేయరాదు. కనుక పెట్టెను కారులో వదలకుండా గుడ్డసంచిలో చుట్టి, కడవ ఉన్న మూలన నేలమీద పెట్టి, రాత్రి చల్లబడిన తరువాత ఛార్జికి పెట్టాలి.