ఒకే ఇంటికి మూడు విలువలు: వారసత్వ పంపకంలో ఏది ప్రమాణం?

తల్లిదండ్రుల మరణానంతరం ఇంటి పంపకం గురించి మా వద్దకు వచ్చేవారు సాధారణంగా ఒకే ప్రశ్న అడుగుతారు: ఎవరికి ఎంత వాటా? ఫరాయిజ్ శాస్త్రంలో దానికి స్పష్టమైన సమాధానం ఉంది. అయితే ఆ వాటాలను ఏ మొత్తం మీద లెక్కించాలన్న ప్రశ్న అడిగేవారు అరుదు. అన్యాయం చాలా ఇళ్ళలో ఈ రెండవ ప్రశ్న వద్దనే మొదలవుతోంది.

ఒక ఇంటికి మూడు విలువలు ఉంటాయి. మొదటిది పన్ను విలువ. హైదరాబాద్ మహానగర పాలక సంస్థ నివాస గృహాలకు చదరపు అడుగుకు నెలసరి అద్దె ఇంత అని నిర్ణయించి, దాని నుండి వార్షిక అద్దె విలువను లెక్కగట్టి, దానిపై ఇంటిపన్ను విధిస్తుంది. ఆంధ్రప్రదేశ్ పట్టణాలలో 2021-22 నుండి పన్నును మూలధన విలువపై లెక్కిస్తున్నారు. నివాస గృహాలకు ఆ విలువలో 0.10 నుండి 0.50 శాతం వరకు రేటు నిర్ణయించారు. భారం ఒక్కసారిగా పడకుండా ఏటా పెరుగుదలకు 15 శాతం పరిమితి కూడా పెట్టారు. కాబట్టి పన్ను రసీదును చూసి ఇంటి ధరను ఊహించడం సరికాదు. ఆ రసీదు పన్ను చెల్లించినట్లు మాత్రమే తెలుపుతుంది.

రెండవది రిజిస్ట్రేషన్ విలువ. స్టాంపు సుంకం వసూలు కోసం ప్రభుత్వం ప్రాంతాలవారీగా దీనిని ముందే నిర్ణయిస్తుంది. పత్రంలో రాసిన ధర, ఈ విలువ - రెండింటిలో ఏది ఎక్కువైతే దానిపై సుంకం కట్టాలి. కార్యాలయ పత్రాలలో దీనినే ‘మార్కెట్ విలువ’ అని రాస్తారు. గందరగోళమంతా ఈ పేరుతోనే వస్తుంది. ఇది ప్రభుత్వం సవరించినప్పుడే మారుతుంది. తెలంగాణలో 2021 జులైలోనూ, మళ్ళీ 2022 ఫిబ్రవరిలోనూ సవరించారు. బజారు ధర మాత్రం ఎవరి సవరణ కోసమూ ఆగదు.

మూడవది వాస్తవ విలువ. ఇష్టపూర్వకంగా అమ్మేవాడు, ఇష్టపూర్వకంగా కొనేవాడు ఈనాడు కుదుర్చుకోగల ధర ఇదే. వీధి వెడల్పు, ఇంటి ముఖం, నీటి వసతి, పత్రాల స్పష్టత వంటివన్నీ దీనిని ప్రభావితం చేస్తాయి.

ఇక పంపకం విషయానికి వద్దాం. తల్లి ముందే మరణించింది, ఇప్పుడు తండ్రి ఒక ఇల్లు వదిలి వెళ్ళాడు, వారసులు ఇద్దరు కొడుకులు, ఇద్దరు కూతుళ్ళు అనుకుందాం. అప్పులు, వసీయత్ తీరిన తర్వాత ఆస్తి ఆరు భాగాలవుతుంది. కొడుకులకు రెండేసి, కూతుళ్ళకు ఒక్కొక్కటి. రిజిస్ట్రేషన్ విలువ 24 లక్షలు, వాస్తవ ధర 60 లక్షలు అనుకోండి. అన్నదమ్ములు ఇల్లు తామే ఉంచుకుని 24 లక్షలపై లెక్కిస్తే ఒక్కో సోదరికి 4 లక్షలే దక్కుతాయి. ఆమెకు రావలసింది 10 లక్షలు. వాటా నిష్పత్తి షరీఅత్ ప్రకారమే ఉన్నా, ఒక్కో సోదరి 6 లక్షలు కోల్పోయింది. తూనికలో త్రాసును ఏమీ చేయకుండా రాళ్ళను మార్చినట్లుంది ఇది. కొలతలు తగ్గించేవారిని ‘ముతఫ్ఫిఫీన్’ సూరా ఎంత తీవ్రంగా హెచ్చరించిందో మనకు తెలుసు. ఆస్తి కొంచెమైనా, ఎక్కువైనా అందులో స్త్రీలకు నిర్ణీత వాటా ఉందని ‘నిసా’ సూరా స్పష్టం చేసింది.

“ప్రభుత్వమే చెప్పిన ధర కదా” అని కొందరు అంటారు. వారికి మా ప్రశ్న ఒక్కటే: అదే ధరకు బయటివారికి అమ్ముతారా? అమ్మనంటే సోదరికి ఆ ధర కట్టడం ఎలా న్యాయమవుతుంది? “పెళ్ళికి ఖర్చుపెట్టాం” అనే మాట కూడా చెల్లదు. పెళ్ళి ఖర్చు వారసత్వ వాటాకు బదులు కాదు.

ఒక వారసుడు కొంత సొమ్ము తీసుకుని ఆస్తి నుండి తప్పుకోవడాన్ని ఫిఖహ్‌లో ‘తఖారుజ్’ అంటారు. అది సమ్మతమే. కానీ ఆ అంగీకారం మనఃపూర్వకమై ఉండాలి. పుట్టింటికి దారి మూసుకుపోతుందన్న భయంతో ఆపా మౌనంగా సంతకం చేస్తే దానిని అంగీకారం అనలేము. తన వాటా విలువ ఎంతో ముందు ఆమెకు చెప్పండి. ఆ తర్వాత ఇష్టపడి తగ్గించుకుంటే అది ఆమె ఔదార్యం.

వాస్తవ ధర తెలుసుకోవడం కష్టమేమీ కాదు. పంపకం జరిగే నాటి ధరనే తీసుకోవాలి. అదే వీధిలో ఇటీవల అమ్ముడైన ఇళ్ళ గురించి విచారించండి. అయితే పత్రాలలో తక్కువ చూపే అలవాటు ఉన్నందున వాటి మీదే ఆధారపడవద్దు. సంబంధం లేని ఇద్దరు ముగ్గురు మధ్యవర్తులను విడివిడిగా అడగండి. భేదాభిప్రాయం వస్తే ప్రభుత్వ గుర్తింపు గల వాల్యుయర్ చేత నివేదిక రాయించండి. ఆ ఖర్చును వారసులందరూ భరించవచ్చు. ఈ సంభాషణలో సోదరీమణులను కూడా కూర్చోబెట్టండి.

రిజిస్ట్రేషన్ కార్యాలయంలో ప్రభుత్వ నిబంధన ప్రకారం సుంకం కట్టండి, అందులో దోషం లేదు. తోబుట్టువుల మధ్య లెక్క మాత్రం వాస్తవ ధరపైనే జరగాలి. చెల్లించిన అసలు మొత్తాన్నే పత్రంలో రాయాలి. పన్ను విలువ మునిసిపాలిటీ కోసం, రిజిస్ట్రేషన్ విలువ ఖజానా కోసం. హక్కుదారుల హక్కు తీర్చడానికి వాస్తవ విలువే ప్రమాణం.