ఒక్కొక్కరి పిచ్చి... ఊరందరికీ పండగ

హైదరాబాద్‌లో పిల్లలకు చూపించాల్సినవి ఏవని అడిగితే ఎవరైనా వేళ్లు మడిచి గబగబా చెప్పేస్తారు. ఆ లెక్కలోంచి చార్మినార్‌నీ గోల్కొండనీ కాసేపు పక్కన పెడితే మిగిలినవాటిలో ఒక తమాషా కనిపిస్తుంది. సాలార్‌జంగ్ మ్యూజియం, పురానీ హవేలీలోని నిజాం మ్యూజియం, సుధా కార్ల మ్యూజియం, రామోజీ ఫిల్మ్‌సిటీ, వండర్‌లా, యాదగిరిగుట్ట దారిలోని సురేంద్రపురి... వీటిలో ఏదీ సర్కారు పథకంగా పుట్టలేదు. ఒక్కోదాని వెనక ఒక్కో మనిషి ఉన్నారు. ఆ మనిషిని కుదురుగా కూర్చోనివ్వని పిచ్చి ఒకటి ఉంది.

సెలవులకు పట్నం బయలుదేరే ఇంట్లో తగువు ఎప్పుడూ ఒకటే. మ్యూజియం అంటే చదువనీ, థీమ్ పార్కు అంటే ఆటనీ ముందే గీత గీసేసుకుంటారు. పెద్దలు ఇటు లాగుతారు, పిల్లలు అటు లాగుతారు. ఈ చోట్లను కట్టిన మనుషుల సంగతి తెలిస్తే ఆ తగువు సగం తీరుతుంది. ఎందుకంటే మ్యూజియం నింపినవాళ్లూ ఒక రకంగా ఆడుకున్నవాళ్లే.

దివానుగిరీ వదిలి...

మీర్ యూసుఫ్ అలీఖాన్, అంటే మూడో సాలార్‌జంగ్, 1912లో ఏడో నిజాంకు దివాను అయ్యారు. అప్పటికి ఆయన వయసు ఇరవై మూడేళ్లు. 1914లోనే ఆ పదవి వదిలేశారు. పెళ్లి చేసుకోలేదు. 1949లో కన్నుమూసేదాకా ఆస్తినంతా వస్తువుల సేకరణకే ధారపోశారు. ఏ దేశం నుంచి ఏ వ్యాపారి వచ్చినా ఆయన నివాసమైన దివాన్ దేవిడీ తలుపులు తెరిచే ఉండేవి.

వారసులు లేని ఆ ఇంట్లో నలభై వేలకు పైగా వస్తువులు మిగిలాయి. బొమ్మలు, కత్తులు, గడియారాలు, పింగాణీ, తివాచీలు, రాతప్రతులు అన్నీ కలగాపులగంగా. వాటినొక క్రమంలో పెట్టే పని కళావిమర్శకుడు జేమ్స్ కజిన్స్‌కు అప్పగించారు. ఐర్లండ్‌లో పుట్టి మదనపల్లె థియొసాఫికల్ కాలేజీకి ప్రిన్సిపాల్‌గా పనిచేశారాయన. 1951 డిసెంబరు 16న దివాన్ దేవిడీలోనే నెహ్రూ మ్యూజియాన్ని ప్రారంభించారు. మూసీ ఒడ్డున ఇప్పుడున్న భవనంలోకి 1968లో తరలించారు.

ఇక్కడ గదులన్నీ ఒక్కరోజులో చుట్టేద్దామనుకుంటే చివరికి కాళ్లనొప్పులే గుర్తుంటాయి. పిల్లలతో వెళ్లేవాళ్లు మూడింటి దగ్గర నిలబడితే చాలు. మొదటిది ముసుగు రెబెక్కా. ఇటలీ శిల్పి బెంజోనీ 1876లో చెక్కిన పాలరాతి బొమ్మ ఇది. మూడో సాలార్‌జంగ్ తాతగారైన మొదటి సాలార్‌జంగ్ ఇటలీ నుంచి తెప్పించారు. ముఖం మీది పలచటి మేలిముసుగూ రాయే, దాని వెనక కనిపించే ముక్కూ పెదవులూ రాయే. రెండింటినీ ఒకే రాతిలో ఎలా తేల్చాడో పిల్లల్నే చెప్పమనండి. రెండోది ఒకే మానులో చెక్కిన జంటబొమ్మ. ముందు నుంచి చూస్తే మదంతో నిలబడ్డ మెఫిస్టోఫెలిస్. వెనక అద్దంలో చూస్తే తల వంచుకున్న మార్గరెట్టా. జర్మన్ కవి గేథే రాసిన ‘ఫౌస్ట్’ కథలోని పాత్రలు వీళ్లు.

మూడోది పాటల గడియారం. కలకత్తాలోని కుక్ అండ్ కెల్వీ కంపెనీ సరుకు. లోపల కమ్మరి బొమ్మ క్షణానికో సుత్తి దెబ్బ వేస్తూనే ఉంటుంది. గంట కొట్టే వేళకు గడ్డం బొమ్మ ఒకటి తలుపు తీసుకుని బయటికొచ్చి, ఎన్ని గంటలైతే అన్నిసార్లు గంట మోగించి, మళ్లీ లోపలికి పోతుంది. దీన్ని చూడ్డానికి జనం ముందుగానే చేరి బల్లల మీద కూర్చుంటారు. అన్నిటికంటే పన్నెండు గంటలప్పుడు ఎక్కువ దెబ్బలు కాబట్టి ఆ వేళకు రద్దీ కూడా ఎక్కువే. తాతలు, మనవలు, గాజుల దుకాణం నుంచి నేరుగా వచ్చిన ఆడవాళ్లు, విదేశీ యాత్రికులు అందరూ నోరు మూసుకుని ఒకేవైపు చూసే దృశ్యం ఈ ఊళ్లో అరుదు.

ఆరో నిజాం బట్టల బీరువా

అక్కడికి దగ్గర్లోనే పురానీ హవేలీ. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ రజతోత్సవానికి వచ్చిన కానుకలను ఇక్కడ దాచారు. వెండితో చేసిన భవనాల నమూనాలు, బంగారు డబ్బాలు, అత్తరు సీసాలు వాటిలో ఉన్నాయి. పిల్లల్ని కట్టిపడేసేది మాత్రం ఆయన తండ్రి, ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ బట్టల బీరువా. బర్మా టేకుతో చేసిన దాని పొడవు 176 అడుగులు. వేసిన బట్టలు మళ్లీ వేసేవారు కాదని ఆయనకు పేరు. ఆయన పోయాక బూటు ముందుభాగంలో దొరికిన జాకబ్ వజ్రాన్ని కొడుకు కాగితాల మీద బరువుగా పెట్టుకున్నారని ఈ ఊరు ఇప్పటికీ చెప్పుకుంటుంది.

2018 సెప్టెంబరులో ఈ మ్యూజియంలో దొంగలు పడ్డారు. వజ్రాలు పొదిగిన బంగారు టిఫిన్ డబ్బా, కప్పు, సాసరు, చెంచా ఎత్తుకెళ్లారు. కొద్దిరోజుల్లోనే పోలీసులు పట్టుకున్నారు. దొంగల్లో ఒకడు ఆ డబ్బాలో అన్నం పెట్టుకు తిన్నాడని అప్పుడు బయటపడింది. ఈ ముక్క చెప్పి లోపలికి తీసుకెళితే ఏ పిల్లాడూ ఆ డబ్బా చూడకుండా కదలడు.

రాజకుమారి, రాక్షసబల్లి

నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లోని రాష్ట్ర మ్యూజియంలో ఒక ఈజిప్టు రాజకుమారి పడుకుని ఉంది. పేరు నైషూ. ఆరో నిజాం అల్లుడు నజీర్ నవాజ్ జంగ్ 1920 ప్రాంతంలో వెయ్యి పౌండ్లు పెట్టి ఈ మమ్మీని కొన్నారు. అది ఏడో నిజాం చేతికి వచ్చి, 1930లో మ్యూజియానికి చేరింది. 2016లో సీటీ స్కాన్ తీస్తే చనిపోయేనాటికి ఆమెకు పాతికేళ్లు ఉండొచ్చని తేలింది. మన దేశంలో ఈజిప్టు మమ్మీలున్న మ్యూజియాలు వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే.

అక్కడి నుంచి నౌబత్ పహాడ్ ఎంతో దూరం లేదు. ఆ గుట్ట మీదే, బిర్లా మందిరం పక్కన బి.ఎం. బిర్లా సైన్స్ సెంటర్ ఉంది. ఇక్కడి ప్లానెటేరియాన్ని 1985లో ఎన్.టి. రామారావు ప్రారంభించారు. ఆకాశం కింద పడక కుర్చీల్లో వాలి తెలుగులో నక్షత్రాల కథ వినొచ్చు. అక్కడే డైనోసారియంలో నిలబడ్డ అస్థిపంజరం పేరు కోటసారస్ యామన్‌పల్లియెన్సిస్. నలభై నాలుగు అడుగుల పొడవు. ఏ అమెరికా నుంచో తెచ్చింది కాదు. పాత ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర భూగర్భ సర్వే శాఖవాళ్లు తవ్వి తీసిన ఎముకలివి. ఆ శాఖ శాస్త్రవేత్త పి. యాదగిరి 1988లో దీనికి ఊరిపేరు కలిపి నామకరణం చేశారు. సినిమాల్లో రాక్షసబల్లుల్ని చూసి నోళ్లు వెళ్లబెట్టే పిల్లలకు అవి మన గోదావరి, ప్రాణహిత గట్ల మీద కూడా తిరిగాయని తెలియడం చిన్న విషయం కాదు.

తుక్కు సామానుతో వంకాయ కారు

బహదూర్‌పురాలో జూ పక్కనే సుధా కార్ల మ్యూజియం. వంకాయ కారు, బర్గర్ కారు, క్రికెట్ బ్యాటు కారు, కెమెరా కారు, ఎత్తుమడమ చెప్పు కారు... అన్నీ నడిచేవే. బడికెళ్లే వయసులోనే పాత సామాను పోగుచేసి బండ్లు తయారుచేయడం మొదలుపెట్టిన కె. సుధాకర్ 2010లో దీన్ని తెరిచారు. అంతకుముందే, 2005లో, నలభై ఒక్క అడుగుల ఏడు అంగుళాల ఎత్తున్న మూడుచక్రాల సైకిల్‌ను తొక్కి గిన్నిస్ పుస్తకానికి ఎక్కారు. సాలార్‌జంగ్ కొనుక్కున్నారు, ఈయన చేసుకున్నారు. డబ్బు లేకపోయినా మ్యూజియం పెట్టొచ్చని పిల్లలకు చూపించడానికి ఇంతకంటే మంచి చోటు లేదు.

సినిమా గుట్టు విప్పే చోటు

విజయవాడ రహదారి మీద హయత్‌నగర్ దాటాక రామోజీ ఫిల్మ్‌సిటీ. కృష్ణా జిల్లా పెదపారుపూడి రైతు బిడ్డ రామోజీరావు 1996లో దీన్ని నిలబెట్టారు. 1,666 ఎకరాలు. ప్రపంచంలోకెల్లా పెద్ద స్టూడియో సముదాయంగా గిన్నిస్ గుర్తించింది. నిర్మాతలు కథ పట్టుకుని వస్తే సినిమా పట్టుకుని వెళ్లాలన్నది ఆయన పంతం. 2024 జూన్‌లో ఆయన మరణించారు. పంతం మాత్రం నడుస్తూనే ఉంది.

ఎర్ర బస్సు ఎక్కించి తిప్పుతారు. ఒకే కట్టడానికి ఒక్కో వైపు ఒక్కో ముఖం ఉంటుంది. ఇటు ఆసుపత్రి, అటు తిరిగితే ఇంకేదో. ‘బాహుబలి’ మాహిష్మతి సెట్టు దగ్గర ఫొటోలకు తోపులాట తప్పదు. కానీ తప్పక చూడాల్సింది ‘యాక్షన్’ ప్రదర్శన. ప్రేక్షకుల్లోంచి ఒకమ్మాయిని పిలిచి ‘షోలే’లో బసంతిలా టాంగా మీద కూర్చోబెడతారు. టాంగా కదలదు. ఇంకొందరి చేత డెక్కల చప్పుడు, చక్రాల చప్పుడు చేయిస్తారు. చివరికి అవన్నీ అతికించి తెర మీద చూపిస్తే మన పక్కింటి పిల్లే గుర్రాన్ని అదిలిస్తూ దౌడు తీస్తుంటుంది. కూర్పు, శబ్దం, వెనక తెర అన్న మూడు పాఠాలు ముప్పావుగంట లోపే వంటబడతాయి. దీన్ని థీమ్ పార్కు అనాలా, మ్యూజియం అనాలా?

కొలబద్ద దగ్గర కన్నీళ్లు

వోల్టేజీ స్టెబిలైజర్ల వీ-గార్డ్ కంపెనీని తెలుగు ఇళ్లకు పరిచయం చేయనక్కర్లేదు. ఆ కంపెనీ పెట్టిన కేరళవాసి కొచౌసెఫ్ చిట్టిలపిళ్లి 2000లో కొచ్చిలో వినోదాల పార్కు ఒకటి తెరిచారు. ఆ వరసలోదే 2016లో రావిర్యాల దగ్గర, ఔటర్ రింగ్‌రోడ్డు పక్కన మొదలైన వండర్‌లా. వెనక్కి కూడా పరుగెత్తే రికాయిల్ రోలర్ కోస్టర్ ఇక్కడి మొనగాడు.

ఇక్కడ వయసు అడగరు, ఎత్తు కొలుస్తారు. పెద్ద రైడ్లకు 140 సెంటీమీటర్లు ఉండాలి. కొలబద్ద దగ్గర మునివేళ్ల మీద లేచే పిల్లలూ, ‘వచ్చే ఏడాది ఎక్కుదువులేరా’ అని బుజ్జగించే నాన్నలూ రోజూ కనిపిస్తారు. ఒకే ఇంట్లో అక్క లోపలికి వెళ్లి తమ్ముడు ఆగిపోతే ఆ రోజంతా రాద్ధాంతమే. బయలుదేరే ముందే ఇంట్లో గోడకు నిలబెట్టి కొలిచి, ఏవి ఎక్కగలరో చెప్పేస్తే ఆ గొడవ ఉండదు. నీళ్ల రైడ్లకు నైలాన్ బట్టలు తప్పనిసరి, నూలు బట్టలతో దిగనివ్వరు. పొద్దున్నే పొడి రైడ్లు ముగించుకుని, ఎండెక్కాక నీళ్లలో దిగడం అనుభవజ్ఞుల పద్ధతి.

అమ్మమ్మ కోసం ఒక లోకం

ఇంట్లో పెద్దవాళ్లుంటే వండర్‌లా కంటే సురేంద్రపురి మేలు. హైదరాబాద్ నుంచి సుమారు అరవై కిలోమీటర్లు. కుంద సత్యనారాయణ కొడుకు పేరు నిలబడాలని కట్టించిన పౌరాణిక కళాధామమిది. క్షీరసాగర మథనం, కురుక్షేత్రం, కైలాసం, దేశంలోని గుళ్ల నమూనాలు దారిపొడవునా బొమ్మలుగా నిలబడి ఉంటాయి. శిల్పకళ గొప్పదని చెప్పలేం. రంగులు కాస్త గట్టిగానే పలుకుతాయి. అయినా ఇక్కడ గైడు అక్కర్లేదు, అమ్మమ్మే గైడు. నరకలోకం దగ్గర ఏ తప్పుకు ఏ శిక్షో ఆవిడ చెబుతుంటే అల్లరి పిల్లలు ఆవిడ కొంగు పట్టుకుని నడుస్తారు. అదే దారిలో ముందుకెళితే యాదగిరిగుట్ట దర్శనం ఎలాగూ ఉంది.

రోజుల లెక్క

రెండు రోజుల్లో ఏడు చోట్లు చూసొచ్చామని గొప్పలు చెప్పుకునేవాళ్లను అనుసరించొద్దు. సాలార్‌జంగ్, పురానీ హవేలీ ఒక రోజు. మధ్యలో మదీనా సెంటర్లో భోజనం. రెండు మ్యూజియాలకూ శుక్రవారం సెలవు. జూ, సుధా కార్లు ఒక రోజు. జూకు సోమవారం సెలవు. పబ్లిక్ గార్డెన్స్, బిర్లా సైన్స్ సెంటర్ కలిపి మరో రోజు. ఫిల్మ్‌సిటీకి, వండర్‌లాకు చెరో రోజు పూర్తిగా కేటాయించాల్సిందే. థీమ్ పార్కుల్లో బయటి తిండి సాధారణంగా లోపలికి రానివ్వరు కాబట్టి పులిహోర పొట్లాలు మ్యూజియాల రోజుకు ఉంచుకోండి. ఖర్చు గురించి బెంగపడేవాళ్లు ఒక మాట గుర్తుంచుకోవాలి. ఒక మనిషి థీమ్ పార్కు టికెట్టు డబ్బుతో ఇంటిల్లిపాదీ సాలార్‌జంగ్ చూసి రావచ్చు.

ఇన్ని చూసి ఇంటికొచ్చాక మీవాడు మంచం కింద అగ్గిపెట్టెలో, పాత సైకిల్ గొలుసులో, రంగురాళ్లో పోగుచేయడం మొదలుపెట్టొచ్చు. చెత్త అనుకుని ఊడ్చి పారేయకండి. ఒక అర ఖాళీచేసి ఇవ్వండి.