మొక్కజొన్న: కనిపించేది కొంత, కనిపించనిది మరెంతో

నిప్పులపై కాల్చి, ఉప్పు, కారం, నిమ్మరసం పట్టించిన మొక్కజొన్న కండె అనగానే ఎవరికైనా నోరూరును. అయితే మన ఇంటికి చేరే మొక్కజొన్నలో అధికభాగం కంటికి కనిపించదు. కోళ్లదాణాలో ప్రధాన ధాన్యమిదే గనుక కోడిగుడ్డు రూపంలోనూ మనం దీనినే భుజిస్తున్నాము. సూపును చిక్కబరచు కార్న్‌ఫ్లోర్, మిఠాయిలలోని గ్లూకోజు పాకం, పొడి ఆహారాలలోని మాల్టోడెక్స్‌ట్రిన్ చాలావరకు దీని నుండి తీసినవే.

మెక్సికోలో పుట్టిన ఈ ధాన్యాన్ని అక్కడివారు సున్నపునీటిలో ఉడికించి, నానబెట్టి రుబ్బుకొనేవారు. అందువలన ఇందులోని నియాసిన్ అను 'బి' విటమిన్ ఒంటికి పట్టేది. ఈ పద్ధతి నెరుగక, దీనినే ముఖ్యాహారంగా తిన్న ఉత్తర ఇటలీలోను, అమెరికా సంయుక్త రాష్ట్రాల దక్షిణభాగంలోను పేదలకు పెల్లాగ్రా వ్యాధి సోకింది. చర్మం కమిలి పొలుసులూడుట, విరేచనాలు, మతిభ్రమణం దీని లక్షణాలు. నియాసిన్‌తో ఇది నయమగునని 1937లో తేలింది.

కావున ఏ ఒక్క ధాన్యమే ఆహారం కారాదు. మక్క గటకకైనా, రొట్టెకైనా పప్పు, పాలు, వేరుశనగ తోడు కావలెను. కార్న్‌ఫ్లోర్ పీచు, మాంసకృత్తులు తొలగించిన వట్టి పిండిపదార్థమే. గింజతో సమానం కాదు. మధుమేహమున్నవారు పొట్లంపై ముద్రించిన పదార్థాల పట్టికను తప్పక చదవవలెను. కండెను మాత్రం మితంగా, నమిలి, ఆనందంగా తినవచ్చును.