తరగతి గది నుండి న్యాయపీఠము వరకు



నాయకత్వమనగానే వేదికయు, పుష్పమాలలును, కరతాళధ్వనులును మన మనస్సునకు తోచును. వాతావరణపు మార్పు నెదుర్కొనుటకై యువజనులకు నాయకత్వము గరపు శిక్షణలు నేడు పెక్కు దేశములలో జరుగుచున్నవి. అట్టి శిక్షణయందు ముఖ్యముగా నేర్వవలసిన దేమి? ఉపన్యాసమా, ఊరేగింపా? తగిన ప్రశ్నను తగిన చోట, సమాధానము వచ్చువరకు అడుగుటయే యని నా యభిప్రాయము. సాలమన్ దీవులకు చెందిన సింథియా హౌనియూహి యను యువతి యనుభవము ఇందుకు నిదర్శనము.

సాలమన్ దీవులు ఆస్ట్రేలియాకు ఈశాన్యముగా పసిఫిక్ మహాసముద్రమున నున్నవి. బొగ్గు, పెట్రోలు మొదలగునవి కాల్చినపుడు బొగ్గుపులుసు వాయువు పుట్టి, భూమి వేడిమిని వెలికి పోనీక పట్టి యుంచును. వేడెక్కిన నీరు వ్యాకోచించును. నేలమీది మంచు కరగి సముద్రమున చేరును. ఈ రెండింటివలన సముద్రమట్టము పెరుగును. సాలమన్ దీవుల యొద్ద 1994 తరువాత నది ఏటేట 7 మొదలు 10 మిల్లీమీటర్ల చొప్పున పెరిగినదని 2016లో వెలువడిన యొక పరిశోధన తెలిపెను. గాలుల తీరును ఇందుకు కొంత కారణమే. 1947కును 2014కును నడుమ అచట చెట్టుచేమలుగల ఐదు చిన్న దీవులు కనుమరుగైనవి. ఈ వాయువును మిక్కిలిగా వెలువరించినవి పెద్ద దేశములు. మునుగుచున్నవి చిన్న దీవులు. చిన్నవాని మొర నెవరు విందురు? న్యాయశాస్త్రము వినవలెను.

1968లో స్థాపింపబడిన దక్షిణ పసిఫిక్ విశ్వవిద్యాలయము పండ్రెండు దేశముల యుమ్మడి సొత్తు. దాని న్యాయశాస్త్ర విద్యాలయము వనువాటు దేశపు రాజధానియగు పోర్ట్ విలాలో కలదు. 2019లో అచట నొక తరగతిలో 27 మంది విద్యార్థులుండిరి. సింథియా వారిలో నొకతె. వాతావరణపు మార్పువలన నష్టపడు ప్రజలకు న్యాయము చేకూర్చుటకు చట్టమునందు గల మార్గములను వెదకుడని వారికి పాఠము నియమింపబడెను. వారు హేగ్ నగరమునందలి అంతర్జాతీయ న్యాయస్థానముయొక్క సలహాభిప్రాయమును కోరుట యను మార్గమును ఎన్నుకొనిరి.

ఈ సలహాభిప్రాయ మనగా నేమో కొంచెము వివరింతును. సామాన్యముగా ఆ న్యాయస్థానమున వాది ప్రతివాదులు రెండును దేశములే కావలెను. ఇరువురును దాని యధికారమున కంగీకరింపవలెను. అట్లుగాక, ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభ ఒక చట్టసంబంధమగు ప్రశ్నను పంపినచో, న్యాయమూర్తులు తమ యభిప్రాయమును తెలుపుదురు. పలావు అను చిన్న దేశము 2011లోనే ఈ త్రోవ తొక్కదలచెను గాని, ఆ ప్రయత్నము సాగలేదు. కనుక విద్యార్థుల యెదుట నున్నది క్రొత్త యూహ కాదు. ఆగిపోయిన పనిని మరల చేపట్టుట.

పాఠము ముగిసెను, వారి పని ముగియలేదు. వారొక సంఘముగా నేర్పడి పసిఫిక్ దీవుల ప్రభుత్వములకు లేఖలు వ్రాసిరి. సింథియా ఆ సంఘమునకు అధ్యక్షురాలయ్యెను. 2021లో వనువాటు ప్రభుత్వము ఈ పనిని తనదిగా స్వీకరించెను. అటుపిమ్మట దేశదేశములను ఒప్పించుట సాగెను. 2023 మార్చి 29న సర్వప్రతినిధి సభ, ఓటు లేకయే, ఏకాభిప్రాయముతో తీర్మానమును అంగీకరించెను. 130కి పైగా దేశములు దానిని సహప్రతిపాదించినవి. అందలి ప్రశ్నలు రెండే: వాతావరణమును కాపాడుటకు దేశములకు గల బాధ్యత లేమి? ఆ బాధ్యతను మీరి హాని కలిగించినచో చట్టరీత్యా ఫలిత మేమి?

2024 డిసెంబరులో విచారణ జరిగెను. 96 దేశములును 11 అంతర్జాతీయ సంస్థలును తమ వాదములను వినిపించినవి. సింథియా న్యాయమూర్తుల యెదుట నిలిచి, తన వారి భూమియగు ఫనలేయి సముద్రమున పూర్తిగా మునుగుటకు సిద్ధముగా నున్నదని విన్నవించెను. పూర్వులను కన్న నేల పోయినచో, జ్ఞాపకములును బంధములును దానితోడనే పోవునని ఆమె వాదముయొక్క సారము.

2025 జూలై 23న న్యాయస్థానము ఏకగ్రీవముగా నభిప్రాయమును తెలిపెను. వాతావరణమును కాపాడుట దేశముల యిచ్చకు వదలిన యుపకారము గాదు, చట్టబద్ధమగు బాధ్యత. దానిని మీరుట తప్పిదము. నష్టమునకును తప్పిదమునకును గల సంబంధము రుజువైనచో పరిహారమును ఈయవలసి రావచ్చును. సముద్రము తీరమును మ్రింగినంతమాత్రాన దేశము తన జలసరిహద్దులను మార్చుకొన నక్కర లేదనియు వచించెను. మునుగుచున్న దీవులవారికి ఇది గొప్ప యూరట.

అయినను, శ్రోతలారా, సలహాభిప్రాయ మాజ్ఞ కాదు. ఆ కాగితము అలకు అడ్డుగోడ గాదు. దానిని చేతబట్టి రాబోవు వ్యాజ్యములును సంధిచర్చలును నడుపవలసినవారు మనుష్యులే. ఆ 27 మంది నేర్చినది ఇదియే: లేఖలు వ్రాయుట, కాదన్నవారి యొద్దకు మరల పోవుట, ఏండ్ల తరబడి వేచియుండుట. మన బాలికలకు నాయకత్వము నేర్పదలచిన విద్యాలయములు ఈ యోపికను పాఠముగా చేర్చినచో మేలగును.