గదులు ఖాళీ లేవు! - కంప్యూటరు పోర్టుల సంగతి

పోర్టు అనగానే మీకు విశాఖపట్నం గుర్తుకు వస్తుంది కదూ? కాని కంప్యూటర్ల మధ్య మాటలు నడిపే పోర్టులో ఓడలూ ఉండవు, నీళ్ళూ ఉండవు. అది ఒట్టి అంకె. ఆ అంకెతో ఏం పని? అవి అయిపోతే ఏమవుతుంది? చూద్దాం.

మీరు హాస్టలులో ఉండి చదువుకుంటున్నారనుకోండి. మీకు వచ్చే ఉత్తరం మీద హాస్టలు చిరునామా ఉంటే చాలదు, గది నంబరు కూడా ఉండాలి. కంప్యూటరుకు ఉండే ఐ.పి. చిరునామా హాస్టలు చిరునామా వంటిది. పోర్టు నంబరు గది నంబరు వంటిది. ఒకే కంప్యూటరులో మీరు పాట వింటూ, బొమ్మలు చూస్తూ, ఉత్తరం పంపుతూ ఉన్నా ఒకదాని సమాచారం ఇంకొకదానికి పోదు. అది ఈ నంబర్ల చలవే!

పోర్టు నంబరుకు 16 బిట్లు కేటాయించారు. కాబట్టి 0 నుంచి 65,535 వరకు మొత్తం 65,536 నంబర్లు. వెబ్ సర్వర్లు మామూలుగా 80, 443 నంబర్ల దగ్గర కాచుకుని ఉంటాయి. పేజీ కావాలని అడిగే కంప్యూటరుకు మాత్రం స్థిరమైన నంబరు అక్కరలేదు. కొత్త కనెక్షన్ కావలసినప్పుడల్లా ఆపరేటింగ్ సిస్టం ఒక ఖాళీ నంబరు తీసి ఇస్తుంది. ఇందుకోసం లైనక్స్ మామూలుగా 32,768 నుంచి 60,999 వరకు, అంటే 28,232 నంబర్లు అట్టే పెడుతుంది. విండోస్ 16,384 పెడుతుంది.

ఇన్ని ఉండగా లోటేమిటి అంటారా? లెక్క వేద్దాం.

పరీక్షా ఫలితాలు వెలువడే రోజున వేలమంది ఒక్కసారిగా ఒకే వెబ్ సైట్ చూస్తారు. సర్వరు ఆ తాకిడికి ఆగుతుందో లేదో ముందే పరీక్షించడానికి ఇంజనీర్లు ఒక ప్రోగ్రాం రాస్తారు. అందులో 100 థ్రెడ్లు ఉన్నాయనుకోండి. థ్రెడ్ అంటే ఒకే ప్రోగ్రాంలో తన పని తాను చేసుకుపోయే పనివాడు. ఒక్కొక్క థ్రెడ్ సెకనుకు 10 సార్లు కొత్త కనెక్షన్ తెరిచి, పేజీ తెచ్చుకుని, మూసేస్తే, సెకనుకు 1,000 పోర్టులు ఖర్చవుతాయి.

మూసిన పోర్టు వెంటనే ఖాళీ అవుతుందా? కాదు! పాత విద్యార్థి వెళ్ళిన మరుక్షణమే ఆ గదిని మరొకరికి ఇస్తే, ఆలస్యంగా వచ్చిన పాత ఉత్తరం కొత్తవాడి చేతిలో పడవచ్చు. అందుకని గదికి కొంతసేపు తాళం వేసి ఉంచుతారు. టి.సి.పి. నియమాల్లో దీనిని టైమ్ వెయిట్ అంటారు. కనెక్షన్ ను ముందుగా మూసినవారి వైపునే ఈ తాళం పడుతుంది. 1981 నాటి ప్రమాణం ప్రకారం ఇది 4 నిమిషాలు. లైనక్స్ లో 60 సెకన్లు.

ఇప్పుడు చూడండి. 28 సెకన్లు దాటగానే మన నంబర్లన్నీ అయిపోయాయి. మొదటి తాళం తెరుచుకునేది 60 సెకన్లు గడిచాకనే! ఈలోగా అదే సర్వరుకు కొత్త కనెక్షన్ కుదరదు. తెర మీద తప్పులు వరుస కడతాయి. చూసేవారు 'సర్వరు పడిపోయింది' అనుకుంటారు. నిజానికి సర్వరు హాయిగానే ఉంది. గదులు లేనిది అడిగేవాడి దగ్గర! రోగం ఒకచోట ఉంటే మందు మరొకచోట వేసినట్లు, అక్కరలేని సర్వర్ల మీద డబ్బు ఖర్చు పెడతారు.

మరి ఉపాయం? తాళం వేసే సమయాన్ని తగ్గిస్తే పాత ఉత్తరాల చిక్కు మళ్ళీ మొదటికి వస్తుంది. అంతకన్నా మేలైనది, తెరిచిన కనెక్షన్ ను మూయకుండా మళ్ళీ మళ్ళీ వాడుకోవడం. 1997లో వచ్చిన హెచ్.టి.టి.పి. 1.1 పద్ధతిలో కనెక్షన్ అలా తెరిచి ఉండడమే మామూలు. ప్రోగ్రాం 100 కనెక్షన్లను ఒక గుంపుగా ఉంచుకుంటుంది. పని ఉన్న థ్రెడ్ ఒకటి తీసుకుంటుంది, జవాబు పూర్తిగా చదివి తిరిగి గుంపులో పెడుతుంది. వేల పోర్టులు మింగిన పని 100 పోర్టులతో జరిగిపోతుంది!

ఇంకొక జాగ్రత్త కూడా ఉంది. పోర్టు నంబరును థ్రెడ్లు సొంతంగా ఎంచుకోకూడదు. రెండు థ్రెడ్లు ఒకే క్షణంలో '40,000 ఖాళీగా ఉంది' అని చూసి, రెండూ దానికోసమే పరుగెత్తవచ్చు. ఒకదానికి దక్కుతుంది, రెండవది భంగపడుతుంది. అందుకే నంబరు అడిగినచోట 0 అని రాస్తారు. అంటే 'నీ ఇష్టం వచ్చినది ఇవ్వు' అని ఆపరేటింగ్ సిస్టంతో చెప్పడమన్నమాట. తాళం చెవులన్నీ ఉండేది దాని దగ్గరే కదా!

మీ బడిలో విండోస్ కంప్యూటరు ఉంటే, మాస్టారి అనుమతితో రెండు మూడు వెబ్ పేజీలు తెరిచి, నెట్ స్టాట్ అనే ఆదేశం ఇచ్చి చూడండి. ఏ పోర్టు ఎవరితో మాట్లాడుతున్నదో, ఏది టైమ్ వెయిట్ లో ఉన్నదో వరుసగా కనిపిస్తుంది. ఎన్ని గదులకు తాళాలు పడ్డాయో మీరే లెక్కపెట్టండి!